లేని కుర్చీకి ఎన్నిక: ఎడ్వర్డ్ పి. జోన్స్ వాషింగ్టన్ కథలు

వాషింగ్టన్ డీసీ ఓటరు చేతికిచ్చే బ్యాలెట్ కాగితం నాకు తెలిసిన విచిత్రమైన రచనల్లో ఒకటి. అధ్యక్షుడు, మేయర్, కౌన్సిల్ సభ్యులు ఏ ఊళ్ళోనైనా ఉండేవాళ్ళే. వాళ్ళ మధ్యలో ఇంకో మూడు పదవులుంటాయి. మొదటిది ప్రతినిధుల సభకి డెలిగేట్. ఈ మనిషికి సభలో కుర్చీ ఉంది, మైకు ఉంది, కమిటీలో ఓటు కూడా ఉంది. బిల్లు మీద తుది ఓటింగు జరిగేటప్పుడు మాత్రం ఓటు లేదు. రెండోది యునైటెడ్ స్టేట్స్ రిప్రజెంటేటివ్. మూడోది యునైటెడ్ స్టేట్స్ సెనేటర్. ఈ రెండు పదవులకీ కాంగ్రెసులో కుర్చీ లేదు, జీతం లేదు, ఓటు సంగతి సరేసరి. అయినా అభ్యర్థులుంటారు, పార్టీ ప్రైమరీలుంటాయి, ప్రచారం ఉంటుంది, లక్షల ఓట్లు పడతాయి, గెలిచినవాళ్ళు ప్రమాణ స్వీకారం చేస్తారు. 1990 నుంచి ఇదే తంతు.

జనం వీళ్ళని షాడో సెనేటర్లు అంటారు, పత్రికలూ అలాగే రాస్తాయి. బ్యాలెట్ మీద మాత్రం ‘షాడో’ అన్న మాట ఉండదు. నవ్వకుండా, గొంతు మారకుండా చెప్పిన కల్పన అది. కల్పన అన్నాక విమర్శకి లొంగాలి కదా. అందుకే ఈ ఎన్నికని అదే ఊరి గురించి వచ్చిన కథల పక్కన పెట్టి చదివాను. ఊరికి నిజంగా ఎవరు ప్రాతినిధ్యం వహిస్తున్నారు, ఎలా వహిస్తున్నారు అన్నది నా ప్రశ్న.

ఎడ్వర్డ్ పి. జోన్స్ 1950లో ఆ ఊళ్ళోనే పుట్టాడు. తల్లికి చదవడం, రాయడం రాదు. హోటళ్ళలో అంట్లు తోమి పిల్లల్ని పెంచింది. ‘ది నోన్ వరల్డ్’ నవలకి 2004లో పులిట్జర్ వచ్చాక అతని పేరు అందరికీ తెలిసింది కానీ, ఊరి కథకుడిగా అతను నిలబడేది రెండు కథా సంపుటాల మీద: ‘లాస్ట్ ఇన్ ది సిటీ’ (1992), ‘ఆల్ ఆంట్ హేగర్స్ చిల్డ్రన్’ (2006). ఒక్కోదాంట్లో పద్నాలుగు కథలు. మొత్తం ఇరవై ఎనిమిది కథల్లో నల్లజాతి వాషింగ్టన్ తప్ప మరోటి దాదాపు కనిపించదు. తెల్లటి గుమ్మటాలు, సెనేటర్లు, లాబీయిస్టులు వగైరా సినిమా సరంజామా ఏదీ లేదు. అందుకే జోన్స్ గురించి మాట్లాడేవాళ్ళు తరచూ ఒక మెప్పుకోలు వాడతారు: ఇది రాజకీయాల్లేని వాషింగ్టన్, మామూలు మనుషుల వాషింగ్టన్ అని. ఆ మెప్పు సగమే నిజం. ఈ కథల్లో రాజకీయ నాయకులు లేరు, అంతవరకే. రాజకీయం ప్రతి వీధిలోనూ ఉంది. అది ఎలా ఉందో కనపడాలంటే ఊరి చరిత్ర కొంచెం తెలిసి ఉండాలి.

1783లో జీతాలు అందని సైనికులు ఫిలడెల్ఫియాలో కాంగ్రెసుని చుట్టుముట్టారు. రాజధాని ఏ రాష్ట్రం చేతుల్లోనూ ఉండకూడదన్న ఆలోచన అక్కడ బలపడింది. రాజ్యాంగంలో దానికి చోటు దొరికింది, 1790లో స్థల నిర్ణయానికి చట్టం వచ్చింది. 1801లో కాంగ్రెసు ఆ జిల్లాని పూర్తిగా తన పాలనలోకి తీసుకుంది. అంతకుముందు ఏడాది వరకు మేరీలాండ్ ఓటర్లుగానో వర్జీనియా ఓటర్లుగానో ఉన్నవాళ్ళకి ఆ ఓటు పోయింది. పొటోమాక్ నదికి అవతలి ముక్కని 1846లో తిరిగి వర్జీనియాకి ఇచ్చేశారు. అదే ఇవాళ్టి ఆర్లింగ్టన్, పాత అలెగ్జాండ్రియా. ఉత్తర వర్జీనియాలో స్థిరపడిన తెలుగువాళ్ళకి ఈ భూగోళం బాగా తెలిసిందే. పొద్దున వంతెన దాటి డీసీలో ఆఫీసుకి వెళ్ళి, సాయంత్రం వంతెన దాటి ఇంటికొచ్చేవాళ్ళు పౌరులైతే వాళ్ళకి ఇద్దరు సెనేటర్లుంటారు. అదే ఆఫీసులో పక్క సీట్లో కూర్చుని, రాత్రికి ఊళ్ళోనే ఉండిపోయే మనిషికి ఒక్కరూ ఉండరు.

1874 నుంచి 1967 దాకా ఊరిని నడిపింది అధ్యక్షుడు నియమించిన ముగ్గురు కమిషనర్లు. 1961లో 23వ రాజ్యాంగ సవరణతో అధ్యక్ష ఎన్నికలో ఓటు వచ్చింది, దాన్ని మొదటిసారి 1964లో వాడుకున్నారు. మేయర్నీ కౌన్సిల్నీ ఎన్నుకున్నది 1974లో. అంటే 1957లో వాషింగ్టన్‌లో బతికే మనిషికి అధ్యక్షుడి దగ్గర్నుంచి వార్డు మెంబరు దాకా ఓటేయడానికి ఎవరూ లేరు.

ఇప్పుడు ‘ది గర్ల్ హూ రెయిజ్డ్ పిజియన్స్’ చదవండి. తల్లి లేని పిల్ల బెట్సీ ఆన్, ఆమెని ఒంటరిగా పెంచే తండ్రి, మేడ మీద పావురాలు. కథంతా ఆ పావురాల చుట్టూ నడుస్తున్నట్టే ఉంటుంది. దాని వెనక మర్టిల్ స్ట్రీట్ అనే వీధి ఖాళీ అయిపోతూ ఉంటుంది. రైలు రోడ్డు వాళ్ళకి ఆ స్థలం కావాలట. మొదట పుకారు, తర్వాత ఒక్కో కుటుంబమే సర్దుకుని వెళ్ళిపోవడం. ఈ కథలో నన్ను కుదిపింది జరిగే విషయం కన్నా జరగని విషయం. ఎవరూ ఎవరి దగ్గరికీ వెళ్ళి అడగరు. అర్జీ లేదు, ధర్నా లేదు, కౌన్సిలర్ ఇంటి ముందు జనం లేరు. మొదటిసారి చదివినప్పుడు అది రచయిత సంయమనం అనుకుంటాం. తేదీలు తెలిశాక చదివితే, అడగడానికి మనిషే లేడని అర్థమవుతుంది. జోన్స్ ఆ మాట ఎక్కడా చెప్పడు. పాత్రలకి అదొక లోటుగా కూడా తట్టదు, వాన పడ్డట్టే వీధి పోతుంది. నిర్ణయం ఎక్కడ జరిగిందో ఎవరికీ కనపడని బతుకు ఎలా ఉంటుందో ఇంత నెమ్మదిగా చెప్పిన కథని నేను ఎక్కువగా చూడలేదు.

రెండో కథ ‘ది ఫస్ట్ డే’. నాలుగైదు పేజీలుంటుందేమో. ఐదేళ్ళ కూతుర్ని తల్లి మొదటిరోజు బడికి తీసుకెళ్తుంది. తను కోరుకున్న బడికి వెళ్తే, మీ ఇల్లు ఈ బడి పరిధిలోకి రాదు, ఇంకో బడికి వెళ్ళమంటారు. రెండో బడిలో ఫారం ఇస్తారు. తల్లికి చదవడం రాదు. పక్కనున్న ముక్కూమొహం తెలీని ఆవిడని, నాకు చదవడం రాయడం రాదు, కాస్త సాయం చెయ్యండి అని అడుగుతుంది. చేతిలో మాత్రం పిల్లకి సంబంధించిన కాగితాలన్నీ ఉన్నాయి: పుట్టిన సర్టిఫికెట్, టీకాల రికార్డు, అద్దె రసీదులు, ఆఖరికి తన పెళ్ళి సర్టిఫికెట్ కూడా. ఏది అడుగుతారో తెలియనప్పుడు పేదవాళ్ళు అన్నీ పట్టుకుని వెళ్తారు. మండలాఫీసు వరండాలో ప్లాస్టిక్ కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాళ్ళని చూసిన మనకి ఈ దృశ్యం ఎవరూ వివరించక్కర్లేదు.

డీసీ రాష్ట్ర హోదా ఉద్యమం నాకు ఈ తల్లిలా కనిపిస్తుంది. దాని చేతిలోని కాగితాలు చూడండి. 1978లో కాంగ్రెసు ఆమోదించిన రాజ్యాంగ సవరణ: 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి, 1985లో గడువు ముగిసేనాటికి ఒప్పుకున్నవి 16. 1980లో రాష్ట్ర హోదా కోరుతూ ఓటర్లు గెలిపించిన తీర్మానం. 1982లో ‘న్యూ కొలంబియా’ రాష్ట్రానికి రాసుకున్న రాజ్యాంగం. 1990లో ఇద్దరు షాడో సెనేటర్లు, ఒక షాడో రిప్రజెంటేటివ్. 1993లో ప్రతినిధుల సభలో బిల్లు 153-277 ఓట్లతో ఓటమి. 2016లో మరో ప్రజాభిప్రాయ సేకరణ, ఐదింట నాలుగు వంతుల పైగా అనుకూలం. 2020లో బిల్లు 232-180తో సభలో గెలుపు, 2021లో 216-208తో మళ్ళీ గెలుపు. రెండుసార్లూ సెనేట్‌లో ఓటింగు దాకా కూడా వెళ్ళలేదు. 2020 జనగణన ప్రకారం ఊరి జనాభా 6,89,545. ఇద్దరు సెనేటర్లున్న వ్యోమింగ్ జనాభా 5,76,851. కాగితాలన్నీ ఉన్నాయి. కౌంటర్ అవతలి మనిషి ప్రతిసారీ ఇది మీ బడి కాదంటాడు. కారణం దాచుకునేంత రహస్యం కూడా కాదు. ఆ ఊళ్ళో దాదాపు 90 శాతం ఓట్లు డెమొక్రాట్లకే పడతాయి. ఇద్దరు కొత్త సెనేటర్లు ఏ పార్టీవాళ్ళవుతారో లెక్క తెలిసిన సభ అది. 1970లో జనాభాలో 71 శాతం నల్లవాళ్ళున్న ఊరి విషయంలో ఆ లెక్క వెనక ఇంకో పాత లెక్క కూడా ఉంది.

అయితే షాడో సెనేటర్ పిచ్చి ఆలోచనేం కాదు. దీనికి ‘టెనెసీ ప్లాన్’ అని పేరు. 1796లో టెనెసీ ఇంకా రాష్ట్రం కాకముందే ఇద్దరు సెనేటర్లని ఎన్నుకుని రాజధానికి పంపింది. సెనేట్ వాళ్ళని కూర్చోనివ్వలేదు, అయితే ఆ జూన్‌లోనే రాష్ట్రం వచ్చింది. కాలిఫోర్నియా 1849లో ఇదే చేసింది. అలాస్కా 1956లో ఇద్దరు సెనేటర్లనీ ఒక ప్రతినిధినీ ఎన్నుకుంది, 1959 జనవరిలో రాష్ట్రమైంది. ఆ ఇద్దరిలో ఎర్నెస్ట్ గ్రూనింగ్ నిజం సెనేటర్ అయ్యాడు, విలియమ్ ఈగన్ గవర్నరయ్యాడు. కథనపరంగా చూస్తే ఇది దబాయించి నడిపే కథ. మేం అప్పుడే రాష్ట్రం అయిపోయాం, మీరు గుర్తించడమే తరువాయి అంటుంది. ఆ ధీమాకి బలం ముగింపు దగ్గర్లో ఉండడంలో ఉంది. టెనెసీకి నెలలు పట్టింది, అలాస్కాకి రెండేళ్ళ చిల్లర.

డీసీలో ఈ నాటకం మొదటి అంకం కూడా ధాటిగానే మొదలైంది. 1990లో గెలిచిన ఇద్దరిలో ఒకరు జెస్సీ జాక్సన్. రెండుసార్లు అధ్యక్ష పదవికి డెమొక్రాటిక్ అభ్యర్థిత్వం కోసం పోటీపడిన మనిషి. ఆయన వస్తే కెమెరాలు వచ్చేవి. ఒక్క పదవీకాలం చేసి వదిలేశాడు. ఆయన సీటుకి 1996లో ఎన్నికైన పాల్ స్ట్రాస్ ఆ తర్వాత వరసగా గెలుస్తూనే వచ్చాడు. రెండో సీటుకి 2024లో అంకిత్ జైన్ అనే భారతీయ మూలాలున్న యువ న్యాయవాది ఎన్నికయ్యాడు. మూడు దశాబ్దాలు దాటాక ఇది ఊరికి అలవాటైన కుర్చీ. అసలు కుర్చీ లేకపోయినా, లేకపోవడం కూడా అలవాటవుతుంది. ప్రోగ్రామర్లకి ఇది తెలిసిన వ్యవహారమే. అవతలి సర్వీసు ఇంకా తయారు కాలేదని దాని స్థానంలో ఒక స్టబ్ పెడతాం. అది అడిగిన ప్రతిదానికీ సరే అంటుంది, టెస్టులన్నీ పచ్చగా కనిపిస్తాయి. కొన్నాళ్ళకి అక్కడ అసలుది లేదన్న సంగతే టీమ్ మర్చిపోతుంది.

ప్రతీక ఎప్పుడు బలంగా ఉంటుంది, ఎప్పుడు నీరుగారుతుంది? మన దగ్గర దీనికో పాత కొలబద్ద ఉంది. భరతుడు సింహాసనం మీద పాదుకలు పెట్టాడు. వాటిని రాముడని ఎవరూ అనలేదు. చెప్పులు చెప్పుల్లా కనపడుతూనే ఉన్నాయి, కాబట్టి చూసిన ప్రతివాడికీ లేని మనిషి గుర్తొచ్చేవాడు. పైగా పద్నాలుగేళ్ళన్న గడువుంది, గడువు దాటితే అగ్నిలో దూకుతానన్న శపథం ఉంది. లోటుని ఒప్పుకోవడం, గడువు పెట్టుకోవడం, తప్పితే మూల్యం చెల్లించడం: మూడూ ఉన్నాయి కాబట్టి ఆ ప్రతీక అన్నేళ్ళు నిలబడింది.

తెలంగాణ ఉద్యమంలో ఎన్నికనే ప్రతీకగా వాడిన అనుభవం మనకి దగ్గరది. అక్కడ ఉన్న కుర్చీలని ఖాళీ చేసి మళ్ళీ జనం దగ్గరికి వెళ్ళారు. 2008 ఉప ఎన్నికల్లో అది ఎదురు తన్నింది, టీఆర్ఎస్ సీట్లు పోగొట్టుకుంది. 2010 జూలైలో పన్నెండు సీట్లకి పదకొండు టీఆర్ఎస్, ఒకటి బీజేపీ గెలుచుకున్నాయి. ఓడిపోయే ప్రమాదం నిజంగా ఉంది కాబట్టే ఆ గెలుపుకి అర్థం వచ్చింది. డీసీలో తిరగేసిన పద్ధతి, లేని కుర్చీని నింపుతారు. ఎవరు గెలిచినా ఎవరికీ పోయేదేం లేదు. డీసీకి రాజీనామా చేయడానికి ఓటున్న కుర్చీ ఒక్కటీ లేదన్నది నిజమే, అందుకని తప్పుపట్టలేం. కానీ ప్రతీకగా దాని బలహీనత అక్కడే ఉంది.

ఇక్కడ మళ్ళీ ‘ది ఫస్ట్ డే’ తల్లి దగ్గరికి రావాలి. ఆ కథకి శిఖరం ఏది? ఆమె పట్టుకొచ్చిన కాగితాల కట్ట మాత్రం కాదు. నాకు చదవడం రాదు అని పరాయి మనిషికి, కూతురి ముందు, గొంతు తగ్గించకుండా చెప్పడం. కథ చెబుతున్న కూతురు పెద్దయ్యాక తల్లిని చూసి సిగ్గుపడబోతోందని మనకి మొదట్లోనే తెలుస్తుంది. తల్లి మాత్రం సిగ్గుపడదు. లోటుని బయటికి అనేశాకే ఫారం నిండుతుంది. డీసీ బ్యాలెట్ సరిగ్గా ఇక్కడే తడబడుతోంది. లేని పదవికి ఉన్న పదవి పేరే పెట్టి, షాడో అన్న మాటని వీధికి వదిలేసింది. అదే ఊరు 2000 నుంచి కార్ల నంబర్ ప్లేట్ల మీద రాసుకున్న మాటని పోల్చి చూడండి: ప్రాతినిధ్యం లేకుండా పన్నులు. రచనగా ఈ రెంటిలో ఏది గొప్పదంటే నేను నంబర్ ప్లేటుకే మార్కులేస్తాను. అది ఏం లేదో చెప్తుంది. ట్రాఫిక్‌లో మీ ముందు నిలబడి చెప్తుంది.

జోన్స్ మొదటి సంపుటి చివరి కథ ‘మారీ’లో ఎనభై ఆరేళ్ళ ముసలావిడ ఉంటుంది. సోషల్ సెక్యూరిటీ ఆఫీసు నుంచి రమ్మని ఉత్తరాలొస్తుంటాయి. వెళ్తే గంటల తరబడి కూర్చోబెడతారు. ఒకరోజు ఆవిడ కౌంటర్లో పిల్లని చెంపదెబ్బ కొడుతుంది. ఇంటికొచ్చాక పెన్షన్ ఆపేస్తారేమోనని బిక్కుబిక్కుమంటూ ఉంటుంది. ఇంకోవైపు హోవర్డ్ యూనివర్సిటీ కుర్రాడొకడు వచ్చి ఆవిడ జీవితకథ టేపుల్లో రికార్డు చేసుకుంటాడు. కష్టాలన్నీ వాషింగ్టన్‌కి మోసుకెళ్తే అక్కడ తీరిపోతాయని తన తల్లి నమ్మేదని ఆ టేపుల్లో చెబుతుంది మారీ. ఇరవై ఎనిమిది కథల్లో ఫెడరల్ ప్రభుత్వం మనకి ఇంత దగ్గరగా కనపడేది బహుశా ఇక్కడే. అది కూడా ఒక వెయిటింగ్ రూములా. మంచి జరుగుతుందని నమ్మి వచ్చిన ఊళ్ళోనే ఆవిడ నంబరు పిలుస్తారేమోనని కూర్చుంటుంది. చివర్లో ఆ టేపులు తిరిగొస్తాయి. తన గొంతు తను విని తట్టుకోలేక, ఇంకెప్పుడూ వినకూడదనుకుని వాటిని దాచేస్తుంది.

ప్రాతినిధ్యం గురించి దీనికి మించిన కథ నాకు తెలియదు. మన తరఫున ఎవరో మన మాటని భద్రపరచి తెచ్చిచ్చినా, అది వెళ్ళాల్సిన చోటికి వెళ్ళకపోతే బీరువాలో వస్తువే. మారీ జీవితంలో కౌంటర్ అవతలికి చేరిన వాక్యం ఒక్కటే, ఆ చెంపదెబ్బ. అది సరైన పనని నేననను. కౌంటర్లో పిల్ల కూడా నౌకరే, బహుశా అదే ఊరి మనిషి, ఓటు లేనిదే. దెబ్బ తగిలింది తప్పు మనిషికి. జోన్స్ ఆ సంగతి తెలిసే రాశాడనిపిస్తుంది. దూరంగా ఉన్న అధికారం మీద కోపం దగ్గరున్నవాళ్ళ మీదే తీరుతుంది.

జోన్స్‌తో నాకో పేచీ ఉంది. అతని మనుషులు ఒక్కొక్కరూ పూర్తిగా బతికినవాళ్ళు. పేరు, వీధి, ఇంటి నంబరు, చర్చి, మేనత్త – అంత కచ్చితంగా రాస్తాడు. ఎవరూ అడగని ఓటరు జాబితాని తనే తయారుచేసుకున్నట్టుంటుంది. కానీ వాళ్ళు పదిమందై నిలబడిన క్షణం దాదాపు ఎక్కడా లేదు. ఇదే ఊళ్ళో 1966లో మారియన్ బారీ ‘ఫ్రీ డీసీ’ ఉద్యమం నడిపాడు. రాష్ట్ర హోదా కోసం మేయరే రోడ్డు మీద కూర్చుని అరెస్టయిన సంవత్సరం 1993, అంటే మొదటి సంపుటి వచ్చిన మరుసటి ఏడాది. ఆ వీధుల్లో సభలు జరిగాయి, కరపత్రాలు పంచారు. అవి కథల్లోకి రాలేదు. దాన్ని సౌందర్య నియమంగా సమర్థించవచ్చు. నాకు మాత్రం ఒక గది తాళం వేసి ఉన్న ఇల్లులా అనిపిస్తుంది. షాడో సెనేటర్ల కథలో జనం ఉమ్మడిగా ఉంటారు, ఒక్కరికీ మొహం ఉండదు. జోన్స్ కథల్లో ప్రతి మొహమూ కనపడుతుంది, ఉమ్మడి గొంతు వినపడదు. ఈ ఊరి పూర్తి కథ ఆ రెంటి మధ్య ఎక్కడో ఉంది, ఇంకా ఎవరో రాయాలి.

ఇదంతా పాత సంగతుల తవ్వకం అనుకోకండి. 2023లో ఊరి కౌన్సిల్ తిరగరాసుకున్న నేరశిక్షా స్మృతిని కాంగ్రెసు కొట్టేసింది, అధ్యక్షుడు బైడెన్ సంతకం పెట్టాడు. 2025 ఆగస్టు 11న అధ్యక్షుడు ట్రంప్, 1973 నాటి హోమ్ రూల్ చట్టంలోని 740వ సెక్షన్ కింద ఊరి పోలీసు శాఖని తన అధీనంలోకి తీసుకున్నాడు. నేషనల్ గార్డ్ వీధుల్లోకి వచ్చింది. ఇద్దరు షాడో సెనేటర్లు, ఒక షాడో రిప్రజెంటేటివ్, ఓటు లేని డెలిగేట్ చేయగలిగింది మాట్లాడడం. మర్టిల్ స్ట్రీట్ ఖాళీ అయినప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటంటే, అప్పుడు మాట్లాడడానికి కూడా పదవిలో ఎవరూ లేరు. అది చిన్న తేడా కాదు. తెలుగులో నీడ అంటే ఎండలో నిలబడ్డానికి చోటు కూడా. ఈ నీడ సెనేటర్లు ఆ మాత్రం నీడైనా ఇస్తున్నారని ఒప్పుకుంటాను.

అందుకే ఈ ఎన్నికలు రద్దు చేయాలని నేననను. ఆ కల్పనని తిరగరాయాలంటాను. పదవి పేరు కింద, ఓటరు కళ్ళకి ఆనేంత అక్షరాల్లో, ఒక వాక్యం అచ్చు వేయాలి: ఈ పదవికి సెనేట్‌లో కుర్చీ లేదు, 1801 నుంచి లేదు. వేలిముద్ర వేసే మనిషిలా సిగ్గుతో తలొంచుకుని కాదు, బడి హాల్లో ఆ తల్లి అన్నట్టు, అందరికీ వినపడేలా.